జిలేబీ ఎడమ చెవి

ఆగస్టు 3, ఆదివారం

ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివిన పుణ్యం. మా ఆయన అతుల్‌కి మరాఠీ అక్షరాలు తప్ప రావు, మా అత్త చంద్రమ్మకు ఏ అక్షరమూ రాదు. కాబట్టి ఇక్కడ ఎవరిని ఎంత తిట్టినా నన్నడిగేవాడు లేడు. ఇవాళ తిట్టకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

మొదటి తిట్టు మంగేష్‌కి. మా చాల్‌కు, అంటే మేమంతా ఒక్కో గదిలో ఉండే ఈ పాత మేడకు, సెక్రటరీ. వాళ్ళ తాత మల్లయ్య పాలమూరు నుంచి వచ్చి ఈ బొంబాయి మేడలకు రాళ్ళు మోశాడు. మనవడికి మాత్రం 'వదినా' అంటే నోరు అరిగిపోతుంది. మరాఠీవాళ్ళలా 'వహినీ' అంటాడు. పొద్దున నల్లా దగ్గర అందరూ ఉండగా పిలిచాడు.

"వహినీ, ఆ కుక్కకు మీరే రోజు పావ్ రొట్టె వెడ్తరు గదా. దాని కంట్ల ఏందో కదుల్తుంది, జరా బఘా."

అది నా కుక్క కాదు. కింద మెట్ల పక్కన, పోచమ్మ గుడి గూడు ముందు పడుకుంటుంది. ఎనిమిదేళ్ళుగా అక్కడే. తోక చుట్ట చుట్టుకుని ఉంటుందని పిల్లలు జిలేబీ అని పేరు పెట్టారు. మున్సిపాలిటీ వాళ్ళు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరించారు. అది తప్ప దానికి ఈ ఊళ్ళో ఏ గుర్తింపూ లేదు.

వంగి చూశాను. కంటి తెల్లగుడ్డు మీద తెల్లటి దారం ముక్క. ముందు దారమే అనుకున్నాను, రోజంతా చీరలకు ఫాల్ కుట్టే కళ్ళు కదా. ఆ దారం మెలిక తిరిగి అటు నుంచి ఇటు ఈదింది.

అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. జిలేబీ నా చెయ్యి నాకింది. మంగేష్ దాన్ని చాల్‌లోంచి పంపించెయ్యాలన్నాడు. ఇంకా నాకడం పూర్తవ్వనే లేదు, తీర్పు అయిపోయింది.

ఆగస్టు 4, సోమవారం

పరేల్ పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఫోరస్ రోడ్డు మీద మూడు ట్యాక్సీలు కుక్కను చూసి పారిపోయాయి. పాత చీరలో చుట్టి బిడ్డలా ఎత్తుకున్నాక నాలుగోవాడు ఎక్కించుకున్నాడు. మధ్యదారిలో అది తల బయట పెట్టింది, వాడి ముఖం చూడాలి. నేను మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

డాక్టర్ పూనం చిన్నపిల్లే, కానీ నిదానం ఉంది. కంట్లో చుక్కలు వేసి, మొద్దుబారాక సన్న పట్టకారుతో పురుగును లాగేసింది. జిలేబీ కిక్కురుమనలేదు. తర్వాత రక్తం చుక్క అద్దం మీద పెట్టి నన్నూ చూడమంది. యంత్రంలో కన్ను పెడితే ఎర్రటి చుక్కల మధ్య సన్నటి పోగులు, బతికున్న పోగులు, తన్నుకుంటున్నాయి.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ఇది దోమతో వస్తుంది. రోగమున్న కుక్కను దోమ కుడితే పురుగు పిల్లలు దోమలోకి పోతాయి, కొన్నాళ్ళు అందులో పెరుగుతాయి, ఆ దోమ ఇంకో కుక్కను కుడితే దానికి ఎక్కుతాయి. ఎప్పుడో ఒకసారి మనిషికీ. నాకితే రాదు, ముట్టుకుంటే రాదు, పక్కన పడుకుంటే రాదు. దోమ కుట్టాల్సిందే. కుక్కను తరిమేస్తే దోమలు మిగులుతాయి కదా అందావిడ.

రోజూ వెయ్యాల్సిన మాత్రలు, మెడ మీద పొయ్యాల్సిన మందు ఇచ్చింది. మందు మధ్యలో ఆపితే అసలు లాభం లేదని గట్టిగా చెప్పింది.

నా కుక్క కాదు కానీ, మాత్ర వెయ్యడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఆగస్టు 5, మంగళవారం

మాత్రను పావ్‌లో పెడితే పావ్ తిని మాత్ర ఉమ్మేసింది. నాకంటే తెలివైనది.

ఆగస్టు 9, శనివారం

సాయంత్రం గుడి గూడు దగ్గర దీపం పెడుతుంటే దోమలు కాళ్ళు పీక్కుతిన్నాయి. ఇన్ని దోమలు ఎక్కడివంటే, పక్క బిల్డింగ్ కూలగొట్టి బిల్డర్ వదిలేసిన గొయ్యి ఉంది చూడు, అక్కడివి. వానాకాలం మొదలైనప్పటి నుంచి అందులో నీళ్ళు. ఎవడికీ కనపడదు. కుక్క కన్ను మాత్రం అందరికీ కనపడుతుంది.

మంగేష్‌తో అదే అన్నాను.

"గణపతి వస్తున్నడు వహినీ. అంతలోపు చాల్ సాఫ్ గావాలె. గొయ్యి బిల్డర్‌ది, మన హాతాత్ లేదు. కుక్క మనది."

మన చేతిలో లేనిది ముట్టుకోడు, నోరు లేనిదాని మీద మాత్రం పెత్తనం. ఒళ్ళు మండిపోయింది. మా ఆయన "జానే దే" అన్నాడు. ఈయన నోట ఆ మాట తప్ప ఇంకోటి వినలేదు నేను. పెళ్ళిచూపుల్లో కూడా అదే అని ఉంటాడు.

ఆగస్టు 12, మంగళవారం

మున్సిపాలిటీ మలేరియా మనిషి వచ్చాడు. గ్యాలరీలో ప్రతి ఇంటి ముందున్న నీలం డ్రమ్ము మూత ఎత్తి టార్చ్ వేసి చూశాడు. నా మనీప్లాంట్ సీసా పారబోశాడు. వారం వారం నీళ్ళు మార్చాలి, లేకపోతే అందులో దోమ పిల్లలు పుడతాయి అని క్లాసు పీకాడు. నాకా చెప్పేది, వెళ్ళి గొయ్యి చూడు అన్నాను. గొయ్యిలో వారం కింద నూనె చల్లాం, చచ్చాయి అన్నాడు. నేను నమ్మలేదు. కిందికి దిగి పోచమ్మ ముందు చెప్పులు విడిచి, దండం పెట్టుకుని పోయాడు.

కమిటీ వాళ్ళు ఇవాళ తీర్మానం చేశారు. గణపతికి ముందు వచ్చే ఆదివారం, అంటే ఇరవై నాలుగున, వ్యాన్ వస్తుంది. జిలేబీని ఎత్తుకుపోతుంది. ఎక్కడికి అంటే "దూర్" అన్నాడు మంగేష్.

మందు సగమైనా పూర్తి కాదు. ఆ దూరంలో దానికి పావ్‌లో మాత్ర ఎవరు దాచి పెడతారు?

ఆగస్టు 14

బిల్డర్ ఆఫీసుకు వెళ్ళి అరిచాను. టీ ఇచ్చారు.

ఆగస్టు 19, మంగళవారం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

పోచమ్మ గూడు వెనక, మెట్ల కింద, మా చాల్ కుండలు ఉంటాయి. ఆషాఢంలో బోనాలయ్యాక ప్రతి ఇంటి కుండలో పసుపు నీళ్ళు, వేపాకు వేసి అక్కడ వరసగా పెడతాం. బతుకమ్మ దాకా కదపకూడదు. ఎప్పుడో ప్లేగు వచ్చినప్పుడు మా పెద్దలు పెట్టిన కట్టు ఇది. ఆ నీళ్ళు గడప కాస్తాయి, రోగం లోపలికి రాదు. మా అత్త తప్ప ఎవరూ ముట్టుకోరు. నీళ్ళు తగ్గితే ఆమే నింపుతుంది. ఎండనివ్వదు.

ఇవాళ దీపం పెడుతుంటే చేతిలోని అగ్గిపెట్టె జారి కుండలో పడింది. అత్త పైన ఉంది. చటుక్కున చెయ్యి పెట్టి తీశాను. వేళ్ళకు కుళ్ళిన వేపాకు అంటుకుంది. ఆకు మీద ఏదో గిలగిలా కొట్టుకుంటోంది.

ఫోన్ లైటు వేసి చూశాను. కుండ నిండా. తలకిందులుగా వేలాడుతూ, లైటు పడగానే మెలికలు తిరుగుతూ కిందికి. పక్క కుండ చూశాను. దాని పక్కది చూశాను. అన్నీ అంతే. మా ఇంటి కుండ కూడా.

రోజూ ఈ కుండల ముందు నిలబడి కాళ్ళు గోక్కుంటూ బిల్డర్‌ను తిట్టాను. జిలేబీ పడుకునేది ఈ కుండల పక్కనే.

ఆగస్టు 20, బుధవారం

అత్తకు చెప్పాను.

"ఏం మాట్లాడుతున్నవ్ పిల్లా. వేపాకేసిన నీళ్ళల్ల పురుగులా?"

"నా కండ్లతోని చూసిన అత్తమ్మా. వచ్చి చూడు."

"నాకు కండ్లు కనవడ్తయా ఇప్పుడు. నువ్వు చెయ్యి వెట్టినవా అందుల?"

అగ్గిపెట్టె పడిందన్నాను. ఆమె పళ్ళెం పక్కకు తోసి గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం కమిటీ ముందు చెప్పాను. దోమలు పుట్టేది గొయ్యిలో కాదు, కుక్కలో కాదు, మన కుండల్లో. నాతో రండి, ఒక్కరు వచ్చి చూడండి, మెట్లు దిగితే చాలు అన్నాను. ఒక్కరూ లేవలేదు. కింది ఇంటి రత్నాబాయి చెంపలు వేసుకుంది.

"పోచమ్మ కుండల పురుగులంటవా? కండ్లు వోతయ్ నీకు."

జిలేబీ కన్ను పోబోయింది, దానికేం సమాధానం అన్నాను. మంగేష్ మధ్యలో లేచి నన్ను శాంతించమన్నాడు. కుక్క మీద ప్రేమతో అమ్మవారిని అంటున్నానట. అందరూ తల ఊపారు. కంపెనీలో లెక్కలు రాసేవాడు, కాలేజీలో చదువుకునే పిల్ల, వాళ్ళు కూడా. వీళ్ళందరి ఫోన్లలో ప్రపంచమంతా కనపడుతుంది, మెట్ల కింద కుండ మాత్రం కనపడదు.

ఎవరూ చూడకుండా నేనే పారబోస్తే? అనుకున్నాను. వెళ్ళాను కూడా. కుండ అంచు పట్టుకున్నాను. ఎత్తలేకపోయాను. బరువుండి కాదు. ఇంతసేపూ వీళ్ళను తిట్టాను కదా, ఈ మాట కూడా రాసి పెడుతున్నాను.

ఆగస్టు 22, శుక్రవారం

జిలేబీ లేదు.

ఆదివారం అన్నారు. నేను కొట్టుకు పోయినప్పుడు ఇవాళే వ్యాన్ తెచ్చారు. బిస్కెట్ చూపించి ఎక్కించారట. అదే తోక ఊపుకుంటూ ఎక్కిందట. ఈ ముక్క రత్నాబాయి నాకు నవ్వుతూ చెప్పింది.

మంగేష్ తలుపు కొట్టాను. తెరవలేదు. లోపల టీవీ సౌండు పెంచాడు.

ఆగస్టు 23

రెండు పూటలూ పావ్ కొన్నాను. అలవాటు.

ఆగస్టు 26, మంగళవారం

రేపు గణపతి. పొద్దున్నుంచి చాల్ వాకిట్లో పందిరి కడుతున్నారు, మైకు కడుతున్నారు, అందరూ అక్కడే ఉన్నారు. మంగళవారం కాబట్టి అత్త పోచమ్మకు దీపం పెడతానని కర్ర పట్టుకుని దిగింది. నేను చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుంది. బుధవారం నుంచి నాతో మాటల్లేవు.

దీపం పెట్టింది. తర్వాత, ఎప్పుడూ చెయ్యనిది, వంగి ఒక కుండలో చెయ్యి పెట్టింది. గుప్పెట్లోకి నీళ్ళు తీసుకుని కంటి దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

తర్వాత జుట్టు ముడి విప్పింది.

మా అత్తకు పూనకం రావడం నేను కొత్తగా చూడటం కాదు, ప్రతి బోనాలకూ వస్తుంది. కానీ డప్పు లేకుండా, ఊదు లేకుండా రావడం ఇదే మొదలు. కర్ర కిందపడింది. మోకాళ్ళ నొప్పులని మంచం దిగని మనిషి వాకిలంతా ఊగింది. మైకు కట్టే కుర్రాడు నిచ్చెన దిగేశాడు.

"ఎవర్రా నా కుండల పురుగుల వెట్టింది? మురుగు నీళ్ళు నా ముంగట వెట్టి నాకు దీపం ముట్టిస్తరా? పారవొయ్యిన్రి. వారం వారం కొత్త నీళ్ళు గావాలె నాకు."

మంగేష్ వచ్చి సాష్టాంగపడ్డాడు. ఆమె పాదం వాడి భుజం మీద పెట్టింది.

"నా గడపకు కావలి ఉండే కుక్క యాడ?"

"తల్లీ, తప్పయింది. ఆణ్తో తల్లీ, తెస్త. మాఫ్ చెయ్యి."

కుండలు ఎత్తడానికి పోటీ పడ్డారు. కాలేజీ పిల్ల కూడా చున్నీ నడుముకు చుట్టి పరుగెత్తింది. మోరీలోకి నీళ్ళు పారుతుంటే రత్నాబాయి ఫోన్ లైటు వేసి చూసి, అయ్యో ఎన్ని పురుగులో అని బుగ్గలు నొక్కుకుంది. నా పక్కనే నిలబడి, నాకే చూపించింది.

సంతోషపడాలి నేను. కడుపు మండిపోతోంది. ఇదే మాట డాక్టర్ చెప్పింది, మలేరియా మనిషి చెప్పాడు, నేను నోరు పడిపోయేలా చెప్పాను. 'వారం వారం' అన్న మాటతో సహా. అమ్మవారు జుట్టు విరబోసుకుని చెప్తే తప్ప ఈ చాల్‌లో దోమ కూడా దోమ కాదు.

పైకి తీసుకొచ్చి పడుకోబెట్టాక అడిగాను. నిజంగానే వచ్చిందా అత్తమ్మా అని.

"నాకేం యాది లేదు. కాళ్ళు గుంజుతున్నయ్, జండూ బామ్ రాయి."

ఆగస్టు 28, గురువారం

మంగేష్ కుక్కను తెచ్చాడు. మాన్‌ఖుర్ద్ చెత్త గుట్టల దగ్గర వదిలారట, పొద్దున్నుంచి వెతికి పట్టాడట. పందిట్లో మైకులో చెప్పారు. జిలేబీ మెడలో బంతిపూల దండ వేసి తీసుకొచ్చారు. నేను మెట్లు రెండేసి దిగాను.

"ఘ్యా వహినీ, తెచ్చిన మీ జిలేబీని."

గోధుమ రంగే. తోక కూడా కొంచెం చుట్టే. కొత్త మనుషులను చూసి ముడుచుకుని వణుకుతోంది. నేను పిలిస్తే నావైపు తల తిప్పలేదు.

ఎడమ చెవి నిండుగా ఉంది.

"ఇది జిలేబీ కాదు మంగేష్."

"కాకపోతే ఏంది? అదే. మురికి వట్టింది, ఆరు రోజులైంది తిండి లేక."

"చెవి చూడు. కత్తిరించిన చెవి మొలిచిందా?"

వాడు చెవి చూశాడు. జిలేబీకి ఏ చెవి కత్తిరించారో వాడికి తెలియదు, అసలు కత్తిరించారని కూడా తెలియదు. ఎనిమిదేళ్ళు దాన్ని దాటుకుంటూ మెట్లెక్కాడు. అందరినీ అడిగాను. ఒక్కరికీ గుర్తు లేదు. కుడి చెవేమో అన్నారు, కొంచెమే కత్తిరించారేమో అన్నారు. కంట్లో పురుగు మాత్రం అందరికీ గుర్తుంది.

సెప్టెంబర్ 1, సోమవారం

సరే, కళ్ళతో చూసింది నమ్మరు కదా, కాగితం తెస్తాను అనుకున్నాను. దీన్ని చీరలో చుట్టి పరేల్ తీసుకెళ్ళాను. డాక్టర్ పూనం చూడగానే అంది, ఇది ఆ కుక్క కాదని. దీనికి ఆపరేషనే జరగలేదు. రక్తం తీసి చూసింది. ఒక్క పోగు కూడా లేదు. అన్ని పురుగులున్న రక్తం ఈ కాసిని రోజుల మందుకు ఇలా కడిగినట్టు కాదని, కావాలంటే ఎవరికైనా ఫోన్‌లో తనే చెప్తానని అంది.

దోమ కుట్టినా పురుగు ఎక్కకుండా దీని మెడ మీద మందు పోసింది. ఇది నా కుక్క కాదు. కానీ దీని తప్పేముంది, దండ వేసి తెచ్చింది వీళ్ళు.

సాయంత్రం హారతికి అందరూ పందిట్లో ఉన్నారు. కాగితం మంగేష్ చేతిలో పెట్టాను.

"చదువు. రక్తంల పురుగులు లేవు. జిలేబీకి ఉండె. దీనికి లేవు. అంటే ఇది అది కాదు. జిలేబీ ఇంకా మాన్‌ఖుర్ద్‌లనే ఉన్నది, మందు లేకుండ."

వాడు చదివాడు. పైనుంచి కిందికి, మళ్ళీ పైకి. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

వాడు మైకు తీసుకున్నాడు.

"పోచమ్మ తల్లి మహిమ చూడున్రి. కుక్కకు రోగం పూర్తిగ పోయింది. ఆస్పత్రి రిపోర్టు వచ్చింది."

చప్పట్లు. కొబ్బరికాయలు. నేను వాడి చెయ్యి పట్టుకుని అరిచాను, చెవి సంగతేంటి, చెవి సంగతి చెప్పు అని. వాడు నా వైపు జాలిగా చూశాడు.

"అమ్మవారు అనుకుంటే చెవి ఎంత వహినీ."

కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పోచమ్మ గూటికి తగిలించారు. నేను తెచ్చిన కాగితం.

సెప్టెంబర్ 3, బుధవారం

అత్త కిందికి దిగి కొత్త కుక్క పక్కన కూర్చుంది. దాని తల నిమిరింది. వేళ్ళతో ఎడమ చెవి తడిమింది. కొసదాకా.

పైకొచ్చాక నాతో అంది.

"ఇది అది కాదు పిల్లా."

"తెలిసినప్పుడు చెప్పరాదా అత్తమ్మా? కిందికి పోయి ఒక్క మాట చెప్పు. నా మాట ఎట్లాగూ ఇనరు."

"మొన్న చెప్పింది అమ్మవారు, అందుకే విన్నరు. చంద్రమ్మ చెప్తే ఎవడింటడు?"

"మళ్ళ అమ్మవారిని రమ్మను మరి."

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో. ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"ఇప్పుడొచ్చి తప్పు కుక్క తెచ్చిన్రు అంటే, నయం చేసిన మహిమ ఏడికి వోవాలె? అది వాండ్లు పోనియ్యరు. అమ్మవారే వచ్చి చెప్పినా ఒప్పుకోరు."

ఆమె మోకాలు నొక్కుకుంటూ, మాన్‌ఖుర్ద్‌కు ఏ బండి ఎక్కాలి అని అడిగింది.

సెప్టెంబర్ 7, ఆదివారం

నిన్న గణపతిని సాగనంపారు. ఇవాళ అత్తా నేనూ శాండ్‌హర్స్ట్ రోడ్డు స్టేషన్లో హార్బర్ లైను బండి ఎక్కాం. వద్దంటే వినలేదు. సంచిలో మాత్రల అట్ట, పావ్ పెట్టుకున్నాను. మా ఆయన "జానే దే" అనలేదు. స్టేషన్ దాకా వచ్చి టికెట్లు తీసి ఇచ్చాడు.

మాన్‌ఖుర్ద్‌లో ఎన్ని కుక్కలో. గోధుమ రంగువే సగం. అత్త టీ బండి ముందు బల్ల మీద కూలబడింది. నేను గల్లీలన్నీ, చెత్త గుట్ట అంచంతా తిరిగాను. జిలేబీ జిలేబీ అని పిలుస్తుంటే పిల్లలు మిఠాయి అమ్ముతున్నాననుకుని వెనకపడ్డారు. ఎడమ చెవి కత్తిరించినవి కనిపించాయి, చాలానే. ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళాను. కొన్నిటికి కళ్ళు పుసులు కట్టి ఉన్నాయి. కొన్ని నా చేతిలో పావ్ తిన్నాయి. ఏదీ మాత్ర ఉమ్మేసే రకం కాదు.

టీ బండివాడు అత్తతో హిందీలో అన్నాడట, ఊరంతా ఇక్కడికొచ్చి కుక్కల్ని దింపి పోతారు, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళను మిమ్మల్నే చూస్తున్నాను అని. అత్త అతనికి ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. బండి వచ్చేదాకా ముసుగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది.

చీకటి పడకముందే చాల్ చేరాం. మెట్ల దగ్గర కొత్త కుక్క లేచి తోక ఊపింది. కుండల్లో కొత్త నీళ్ళు తళతళలాడుతున్నాయి. గూటికి వేలాడుతున్న నా కాగితం మీద ఎవరో కుంకుమ బొట్టు పెట్టారు. మిగిలిన పావ్ ముక్క కుక్క ముందు వేశాను. నా వెనక అత్త కర్ర చప్పుడు ఆగుతుంది, దండం పెట్టుకుంటుంది అని నిలబడి చూశాను.

ముప్పై ఏళ్ళుగా పోచమ్మకు దీపం పెట్టిన మనిషి, అటు తల తిప్పకుండా మెట్లెక్కి పోయింది.